నీటిబొట్టు ఫొటోలకి ఏది కొనాలి: ఫోనా, ఫ్లాషా, వాల్వా?

చిత్తూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు మొన్నొక రాత్రి ఫోన్ చేశాడు. "మామా, నీటిబొట్టు ఫొటోలు తీయాలని ఉంది. ఏ కెమెరా కొనమంటావు?" అని. ఏ బొమ్మ కావాలిరా అని అడిగాను. "అదే మామా, కిరీటం లాగా లేస్తుంది కదా, పైన గొడుగు విచ్చుకుంటుంది..." అన్నాడు.

వాడు రెండు వేరే బొమ్మల్ని కలిపేసి ఒకటిగా చెప్తున్నాడు. కిరీటం ఒక్క బొట్టు పని. గొడుగు రెండు బొట్ల పని. మొదటిదానికి మందుల షాపులో దొరికే సామాను చాలు. రెండోదానికి బొట్టుని అనుకున్న క్షణానికి వదిలే కరెంటు వాల్వు, సర్క్యూటు, బోలెడు ఓపిక కావాలి. కెమెరా సంగతి ఈ రెండూ తేలాక చూసుకోవచ్చు. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను తిరుపతిలో పెళ్ళి ఫొటోలు తీస్తాను. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, ఫ్లాషులూ కెమెరాలూ బీరువాలో పడుకుంటాయి. అలాంటి ఒక ఆషాఢంలో మిద్దె మీది గదిలో ఊరికే మొదలెట్టాను ఈ పని. ఇప్పుడు మా ఇంట్లో ఆషాఢం వస్తోందంటే అమ్మ పాలగిన్నె దాచిపెడుతుంది.

ముందు బొమ్మ తేల్చుకోండి

బొట్టు బొమ్మల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి. మొదటిది కిరీటం. పళ్ళెంలో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన మాత్రమే ద్రవం ఉండాలి. బొట్టు పడగానే చుట్టూ పల్చటి గోడ లేస్తుంది, దాని అంచు ముత్యాల్లా తెగి పైకి చిమ్ముతుంది. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన పాలబొట్టు కిరీటం ఫొటో ఈ కళకి ముఖచిత్రం లాంటిది. ఆయన దానికోసం 1930ల నుంచే ప్రయత్నిస్తూ వచ్చాడు. కాబట్టి మొదటి సాయంత్రమే రాలేదని మీరు నిరాశపడనక్కర్లేదు.

రెండోది స్తంభం. దీనికి లోతు కావాలి, గిన్నెలో కనీసం రెండు అంగుళాలు. బొట్టు పడ్డచోట గుంట పడుతుంది. ఆ గుంట పూడుకుంటూ మధ్యలోంచి సన్నటి నీటి కంబం పైకి తన్నుకొస్తుంది, కొసన ఒక గుండు. మూడోది గొడుగు. ఆ కంబం నిలబడి ఉన్న క్షణంలో రెండో బొట్టు సరిగ్గా దాని నెత్తిన పడాలి. అప్పుడు పల్చటి పొర గుండ్రంగా విచ్చుకుంటుంది.

చాలామంది లోతు గిన్నె పెట్టుకుని కిరీటం రావట్లేదని, పళ్ళెం పెట్టుకుని కంబం లేవట్లేదని తలపట్టుకుంటారు. నేనూ మొదటి వారం అదే చేశాను. తప్పు కెమెరాది కాదు, గిన్నెది.

ఇక వేగం. బొట్టు 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిందనుకోండి. కింద తగిలేసరికి సెకనుకి 2.8 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే 1/1000 సెకనులో 2.8 మిల్లీమీటర్లు కదులుతుంది. బొట్టు వ్యాసమే నాలుగైదు మిల్లీమీటర్లు, అందులో సగానికి పైగా చెరిగిపోయినట్టే. 1/4000 అయితే 0.7 మిల్లీమీటర్లు, ఇంకా మసకే. 1/20,000 అయితే 0.14 మిల్లీమీటర్లు. అక్కడికొచ్చాక బొట్టు గాజుపూసలా నిలబడుతుంది. మనం కొనే ప్రతి వస్తువునీ ఈ లెక్కతోనే తూచాలి.

ఫోను: ఎండ ఉంటే సగం పని అయినట్టే

ఫోనుతో మొదలెట్టడం నామోషీ ఏమీ కాదు. కాకపోతే ఫోను వెనక ఉండే ఫ్లాష్‌ని నమ్ముకోవద్దు. అది ఎల్‌ఈడీ, చిన్న టార్చిలైటు లాంటిది. కెమెరా ఫ్లాష్‌లాగా తటాలున వెలిగి ఆరిపోయేది కాదు, దాంతో బొట్టు నిలబడదు.

ఫోనుకి అసలు ఫ్లాష్ మన ఎండే. ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్య మిద్దె మీద నేరుగా ఎండ పడేచోట గిన్నె పెట్టండి. ప్రో మోడ్‌లో (అంకెలన్నీ మనమే పెట్టుకునే మోడ్) ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి, 100 పెడితే, ఇప్పటి ఫోన్ల పెద్ద ఎపర్చర్‌కి (లెన్సులో వెలుగు వచ్చే కంత) షట్టర్ 1/8000 సెకను దాకా వెళ్ళినా ఫొటో నల్లబడదు. ఆ వేగంలో మన బొట్టు కదిలేది 0.35 మిల్లీమీటర్లే. బరస్ట్‌లో, అంటే వరసగా ఫొటోలు తీసే మోడ్‌లో, నొక్కి పట్టుకుని పది బొట్లు వదిలితే ఒకటైనా పడుతుంది.

స్లో మోషన్ వీడియో సంగతి వేరు. సెకనుకి 240 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకీ మధ్య నాలుగు మిల్లీసెకన్లు గడుస్తాయి, ఆ లోపల బొట్టు ఒక సెంటీమీటరు పైన దిగిపోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, మీకు కావలసిన క్షణం మాత్రం రెండు ఫ్రేముల మధ్య జారిపోతుంది. 960 ఫ్రేములున్న ఫోన్లలో చాలావాటిలో దొరికేది వివరం తక్కువుండే 720పి బొమ్మే. కొన్నింటిలో మధ్య ఫ్రేములు సాఫ్ట్‌వేర్ కల్పించినవి. 720పి ఫ్రేముని మంచి నాణ్యతతో ప్రింటు తీస్తే పోస్టుకార్డంత కూడా రాదు. రీల్స్ పెట్టుకోవడానికి, బొట్టు ఎలా పడుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి గురువు లేదు. గోడకి తగిలించుకోవడానికి మాత్రం పనికిరాదు.

స్లో మోషన్‌ని ఇంట్లో ట్యూబులైటు కింద తీయొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ వీడియో మొత్తం నల్లచారలు పరిగెడతాయి. ఎల్‌ఈడీ బల్బులు కూడా చాలావరకు ఇంతే.

ఫ్లాష్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

నన్నడిగితే ఈ కళలో కెమెరా కంటే ఫ్లాష్ ముఖ్యం. కారణం వినండి. చీకటి గదిలో షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా కెమెరా సెన్సార్‌కి కనపడేది ఫ్లాష్ వెలిగినంతసేపే. కాబట్టి బొట్టుని నిలబెట్టేది ఫ్లాష్ మెరుపు వ్యవధి. షట్టర్‌కి ఇందులో పెద్ద పాత్ర లేదు. అందుకే పదేళ్ళ నాటి సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ కూడా ఈ పనికి దివ్యంగా సరిపోతుంది. సెకనుకి ఇరవై ఫొటోలు తీసే కొత్త కెమెరా బాడీకి ఇక్కడ ప్రత్యేకమైన గొప్పతనం ఏమీ లేదు.

కెమెరా మీద తగిలించే మామూలు స్పీడ్‌లైట్‌లో ఒక తమాషా ఉంది. పవర్ తగ్గించేకొద్దీ మెరుపు మందగించదు, పొట్టిదవుతుంది. ఫుల్ పవర్‌లో సుమారు 1/1000 సెకను వెలిగేది, పవర్ 1/32కి తగ్గిస్తే సెకనులో పదివేలవ వంతు కంటే పొట్టిదవుతుంది. 1/128 పవర్ దగ్గర చాలా మోడళ్ళు ముప్ఫైవేలవ వంతు దరిదాపులకి వస్తాయి. పెళ్ళిలో తలంబ్రాలు గాల్లో ఉండగా పట్టేటప్పుడు ఫ్లాష్ ఎంత పెంచుదామా అని చూస్తాం. ఇక్కడ తగ్గించాలి. వెలుగు చాలకపోతే పవర్ పెంచకండి, ఫ్లాష్‌ని దగ్గరికి జరపండి, లేదా రెండోది తెచ్చుకోండి. పాతకాలం స్టూడియో ఫ్లాషులు పెద్దవి కదా అని వాటి జోలికి వెళ్ళొద్దు. వాటిలో చాలావరకు పవర్ తగ్గిస్తే మెరుపు ఇంకా సాగుతుంది. పెద్ద లైటు పెడితే బొమ్మ బాగుంటుందనుకుని నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఇంకో ఆదివారం హై స్పీడ్ సింక్ మింగేసింది. షట్టర్ ఎంత వేగంగా పెట్టినా ఫ్లాష్ పనిచేసేలా చూసే ఆ వసతి నా ఫ్లాష్‌లో ఉంది కదా అని షట్టర్ 1/4000 పెట్టి తీశాను. ప్రతి బొట్టుకీ తోక. ఆ మోడ్‌లో ఫ్లాష్ ఒక్కసారి మెరవదు, షట్టర్ సందు సెన్సార్ మీద జరుగుతున్నంతసేపూ వరసగా కొట్టుకుంటూ ఉంటుంది. దాని అసలు బలం అక్కడే పోతుంది. షట్టర్ 1/200 దగ్గరే ఉంచి, గది చీకటి చేసుకోండి. ఎపర్చర్ ఎఫ్ 11, ఐఎస్ఓ 200 లేక 400, ఫ్లాష్ పవర్ 1/32. నేను ఇప్పటికీ ఈ అంకెల దగ్గరే మొదలెడతాను.

ఇక బొట్టు ఎలా వదలాలి? మందుల షాపుకి వెళ్ళి సెలైన్ సెట్ అడగండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు షాపాయన, "ఎవరికి బాగలేదన్నా?" అన్నాడు. ఎవరికీ కాదన్నా, ఫొటోకి అన్నాను. ప్యాకెట్ చేతికివ్వకుండా కాసేపు నా మొహమే చూశాడు. చివరికి, "సూది వద్దా అయితే?" అన్నాడు. నిజంగానే సూది వద్దు, సూదికొస నుంచి పడే బొట్టు మరీ చిన్నది. గొట్టం చివర ఖాళీగా వదిలేస్తేనే మంచి లావుపాటి బొట్టు వస్తుంది. ప్యాకెట్ మీద మిల్లీలీటరుకి 20 బొట్లని రాసి ఉంటుంది గానీ అది లోపలి గదిలో పడే బొట్టు లెక్క. మన గొట్టం చివర పడేది వేరే సైజు.

నీళ్ళ సీసాని ట్రైపాడ్ నడిమి కడ్డీకి కట్టి, గొట్టం మీది చక్రం తిప్పి బొట్టుకి బొట్టుకి మధ్య ఒకటిన్నర సెకను ఉండేలా సర్దుకుంటాను. కింద నల్ల ట్రే. ట్రే మీద అడ్డంగా ఒక చీపురుపుల్ల పెట్టి, బొట్టు సరిగ్గా పుల్ల మీద పడేదాకా జరుపుతాను. బొట్టు తగిలినచోట పుల్ల మీద ఫోకస్ చేసి, ఆటోఫోకస్ ఆపేసి, పుల్ల తీసేస్తాను. వెనకాల ట్రేసింగ్ పేపరు, దాని వెనక ఫ్లాష్. ఆ తర్వాత పని చేతిదీ చెవిదీ. టప్, టప్, టప్. చూసి నొక్కితే అందదు, మన చేయి కదిలేసరికి కిరీటం లేచి కూలిపోయి ఉంటుంది. తాళం వేసినట్టు ముందే నొక్కాలి. నాకు వంద ఫొటోలు తీస్తే ఐదారు నిలుస్తాయి. మొదట్లో ఒకటి రెండే.

ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే. గాలికి బొట్టు సెంటీమీటరు పక్కకి పడుతుంది, ఫోకస్ పోతుంది. తిరుపతిలో ఎండలు తగ్గని రోజుల్లో తలుపు మూసి ఫ్యాన్ ఆపి కూర్చోవడం కొండకి మోకాళ్ళ మీద ఎక్కినంత పని. ఒక్క లాభం ఏంటంటే ఫ్లాషులు బ్యాటరీవి, కరెంటు పోయినా షూటింగు ఆగదు. నిజానికి కరెంటు పోతే గది ఇంకా బాగా చీకటవుతుంది.

బొట్టుని పసిగట్టే సెన్సార్: మధ్యరకం, నాకైతే అంత నచ్చలేదు

చేత్తో నొక్కడం విసుగనిపిస్తే లేజరు లేక ఇన్‌ఫ్రారెడ్ గేటు పెట్టుకోవచ్చు. బొట్టు కిరణాన్ని దాటగానే లెక్క మొదలై, మీరు చెప్పినన్ని మిల్లీసెకన్ల తర్వాత ఫ్లాష్ కొడుతుంది. ఇక్కడ కెమెరాకి సిగ్నల్ ఇవ్వకండి. షట్టర్ నొక్కిన తర్వాత తెరుచుకోడానికి కెమెరా తీసుకునే టైము ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. గది చీకటి చేసి, షట్టర్ ఒక సెకను తెరిచిపెట్టి, ఫ్లాష్‌కి మాత్రమే సిగ్నల్ ఇస్తే గురి తప్పదు.

కిరీటానికి, స్తంభానికి ఇది బాగా పనిచేస్తుంది. గొడుగు మాత్రం దీంతో రాదు, రెండో బొట్టు ఎప్పుడు పడాలో సెన్సార్ చేతిలో లేదు కదా. గొడుగు కావాలనుకునేవారు దీని మీద డబ్బు పెట్టి, ఆర్నెల్లకి మళ్ళీ వాల్వు కొనడం కంటే నేరుగా వాల్వుకే వెళ్ళడం మేలు.

వాల్వు: కొనడమా, కట్టుకోవడమా

గొడుగుకి దొడ్డిదారి లేదు. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మొదటి బొట్టు కిందికి రావడానికి దాదాపు 286 మిల్లీసెకన్లు. గుంట పడి, కంబం లేచి నిలబడేసరికి మరో వంద దాకా. రెండో బొట్టు సరిగ్గా అప్పుడే దిగాలి. నా సెటప్‌లో రెండు బొట్ల మధ్య 95 నుంచి 110 మిల్లీసెకన్ల లోపలే గొడుగు విచ్చుకుంటుంది. ఐదు మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే గొడుగు కాస్తా గుండు అవుతుంది, లేకపోతే రెండో బొట్టు కంబాన్ని రాసుకుంటూ పోతుంది. సెలైన్ చక్రంతో ఇది కుదరదు. ఒకసారి పొరపాటున కుదిరితే దాన్ని ఫ్రేము కట్టించుకోండి, మళ్ళీ రాదు.

రెండు దారులున్నాయి. మియాప్స్ స్ప్లాష్, ప్లూటో ట్రిగ్గర్ లాంటి రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి. ఫోన్‌లో యాప్ తెరిచి, బ్లూటూత్‌లో కలిపి, బొట్టు సైజు, మధ్య గ్యాప్, ఫ్లాష్ టైము అంకెలు నొక్కడమే. సాయంత్రం పెట్టె విప్పితే రాత్రికి గొడుగు. మీకు కావలసింది ఫొటోనే అయితే, సర్క్యూటంటే భయమైతే, డబ్బు ఇబ్బంది లేకపోతే ఇదే తీసుకోండి. కొనేముందు విడి వాల్వు, వాషర్లు దొరుకుతాయా, పాడైతే ఎక్కడికి పంపాలి అని అడగండి. నా స్నేహితుడొకడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కిట్‌కి వాల్వు మూడో నెలలో కారడం మొదలైంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆఖరికి వాడు బయట వేరే వాల్వు కొని అతికించాడు.

రెండోది సొంతంగా కట్టుకోవడం. ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు), 12 వోల్టుల సోలెనాయిడ్ వాల్వు (కరెంటిస్తే తెరుచుకునేది), ఒక మాస్‌ఫెట్ (బోర్డు మాట విని వాల్వుకి కరెంటిచ్చే స్విచ్చు), ఒక డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది), ఒక ఆప్టోకప్లర్ (తీగలు కలవకుండా వెలుగుతో సిగ్నల్ దాటించేది). ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకి ఇది మినీ ప్రాజెక్టులో సగం కూడా కాదు. అయినా దెబ్బతినే చోట్లు మూడున్నాయి.

ఒకటి, వాల్వు రకం. నీళ్ళ ఫిల్టర్లలో, వాషింగ్ మెషీన్లలో వాడే వాల్వులు చవగ్గా దొరుకుతాయి గానీ వాటిలో చాలావాటికి లోపల నీటి ఒత్తిడి ఉంటేనే పొర లేస్తుంది. అడుగు ఎత్తులో ఉన్న సీసా నీళ్ళకి అంత ఒత్తిడి ఎక్కడిది? టిక్కుమని శబ్దం వస్తుంది, చుక్క రాదు. డైరెక్ట్ యాక్టింగ్ రకమే అడగండి, సున్నా ఒత్తిడిలో కూడా తెరుచుకుంటుందని రాసి ఉండాలి. నేను మొదట కొన్నది ఇప్పటికీ మా ఇంట్లో పేపర్‌వెయిట్.

రెండు, డయోడు మర్చిపోవద్దు. వాల్వు ఆగినప్పుడల్లా కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీ మాస్‌ఫెట్‌ని కాల్చేస్తుంది. 1ఎన్4007 ఒకటి కాయిల్‌కి అడ్డంగా, ఎదురు దిశలో పెడితే సరిపోతుంది. మాస్‌ఫెట్ కూడా 5 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే లాజిక్ లెవెల్‌ది చూసుకోండి. మూడు, ఫ్లాష్‌ని నేరుగా బోర్డుకి తగిలించకండి. పాత ఫ్లాషుల్లో కొన్నింటి ట్రిగ్గర్ తీగల మధ్య రెండొందల వోల్టులకి పైగా ఉంటుంది, బోర్డు ఒక్క దెబ్బకి పోతుంది. ఆప్టోకప్లర్ అడ్డం పెట్టేది అందుకే.

సీసాలో నీళ్ళు తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి బొట్టు సైజు మారిపోతుంది. రాత్రి తొమ్మిదికి కుదిరిన అంకెలు పదికి పనిచేయవు. దానికి విరుగుడు మారియోట్ సీసా. మూత గట్టిగా బిగించి, మూతలోంచి ఒక గాలి గొట్టం నీటి అడుగు దాకా దింపాలి. నీళ్ళు ఆ గొట్టం కొస కంటే పైన ఉన్నంతసేపూ ఒత్తిడి మారదు. రెడీమేడ్ కిట్టు కొన్నా సరే, మీ దాంట్లో ఇది లేకపోతే ఒక సన్నటి గొట్టం, కాస్త ఎంసీల్‌తో చేసుకోవచ్చు.

నా ఓటు? సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఇష్టమైతే సొంతంగా కట్టుకోండి. పాడైతే బాగుచేసుకోగలిగేది మీరు కట్టిందే. ఇష్టం లేనివాళ్ళు మాత్రం డబ్బు మిగులుతుందని కట్టుకోవద్దు. మిగిలే డబ్బు కంటే పోయే ఆదివారాలు ఎక్కువ.

చేతి బొట్టు, మిషన్ బొట్టు

ఇది సామాను ప్రశ్న కాదు, అభిరుచి ప్రశ్న. వాల్వు పెట్టాక ఒకేలాంటి గొడుగులు వందొస్తాయి. మొదటి పది చూసి మురిసిపోయాను, యాభయ్యోది చూసేసరికి ఆవలింత వచ్చింది.

ఆర్థర్ వర్తింగ్టన్ అనే ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త 1870ల నుంచి ఈ బొట్ల వెంట పడ్డాడు. మనం చెప్పుకున్న ఆ నీటి కంబాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చీకటి గదిలో ఒక్క విద్యుత్ మెరుపు మెరిపించి, ఆ వెలుగులో కంటికి తోచింది చేత్తో గీసేవాడు. ఆయన గీసినవన్నీ పూరేకుల్లా సమానంగా, ఎంతో అందంగా ఉండేవి. 1890ల్లో అవే ఫొటోలు తీయగలిగాక చూస్తే ఒక్కటీ అంత సమంగా లేదు. ఒక పన్ను పొడుగు, ఒకటి పొట్టి, ఒక పక్క వంగి. వంకరగా కనపడ్డవాటిని తానే పక్కన పెట్టేస్తూ వచ్చానని తర్వాత ఆయన రాసుకున్నాడు.

అందుకే ఎడిటింగులో కిరీటం సగాన్ని కాపీ చేసి రెండో వైపు అతికించడం నాకు నచ్చదు. చేసేవాళ్ళున్నారు, లైకులు కూడా బాగానే వస్తాయి. నేను మాత్రం ట్రే మీది దుమ్ము, బుడగలు చెరిపి ఊరుకుంటాను. చేతి బొట్టులో వచ్చే ఆ వంకర కోసమే ఇప్పటికీ సగం సాయంత్రాలు వాల్వు పక్కన పెట్టి సెలైన్ సెట్ తీస్తాను.

నీళ్ళా, పాలా

ఉత్త నీళ్ళు పారదర్శకం, వాటిని చూపించేది వెనకాల వెలుగే. వెనక లైటు సరిగ్గా ఉంటే గాజులా మెరుస్తాయి, లేకపోతే కనపడవు. పాలు అలా కాదు, వెలుగుని అన్ని వైపులకీ చెదరగొడతాయి కాబట్టి పక్క నుంచి లైటు పెట్టినా ఆకారం బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు పాలతో మొదలెట్టడం సులువు. కాకపోతే గదిలో వేడికి రెండు గంటల్లో వాసన మొదలవుతుంది. అమ్మ కోపానికి కారణం పాలు పోవడం కాదు, ఆ వాసన.

గొడుగు పెద్దగా, పల్చగా రావాలంటే నీళ్ళు కొంచెం చిక్కబడాలి. లీటరుకి అర టీస్పూను గ్వార్ గమ్‌తో మొదలెట్టండి. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే పొడే అది. ఒకేసారి గుమ్మరిస్తే ఉండ కడుతుంది, చల్లుతూ కలిపి, రాత్రంతా ఉంచి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. బేకరీ సామాన్ల షాపుల్లో దొరికే జాంతన్ గమ్ కూడా పనికొస్తుంది. రంగుకి కేసరిలో వేసే ఫుడ్ కలర్ చాలు. పసుపు, కుంకుమ వద్దు. అవి కరగవు, వాల్వులో ఇసుకలా కూర్చుంటాయి.

నీళ్ళు మాత్రం క్యాన్ నీళ్ళే వాడండి. మా బోరు నీళ్ళు ఆరితే ట్రే మీద తెల్లమచ్చలు, వాల్వు లోపల తెల్లపొర. నెలకోసారి వాల్వు విప్పి నిమ్మరసం నీళ్ళలో నానబెట్టాల్సి వచ్చేది.

లెన్సు గురించి ఎక్కువ చెప్పను. 100 మిల్లీమీటర్ల మాక్రో (చిన్న వస్తువుల్ని పెద్దగా చూపించే లెన్సు) ఉంటే దూరం నుంచి తీయొచ్చు, తుంపర్లు తగలవు. లేకపోతే ఉన్న కిట్ లెన్సుకి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు), తుంపర్లు తగలకుండా ముందు ఒక యూవీ ఫిల్టర్ అద్దం. మొదటి ఏడాది నాకు ఆ మాత్రంతోనే గడిచింది.

ఇంట్లోనే కూర్చోవాలా, తలకోన పోకూడదా అని అడుగుతారు. పోవచ్చు. 270 అడుగుల జలపాతం, వానల తర్వాత చూడాల్సిందే. కానీ అక్కడ వచ్చేది వేరే ఫొటో, గాల్లో చెదిరే తుంపర, దారం లాంటి ధార. ఒక్క బొట్టు మీద గురిపెట్టే పని అక్కడ జరగదు. కపిలతీర్థం ధార కూడా అంతే, పైగా అది గుడి, జనం స్నానాలు చేసే చోటు. నేను అక్కడి నుంచి ఇంటికి తెచ్చుకునేది వేరే ఉంది. దూరం నుంచి శేషాచలం కొండల ఫొటో తీసి, ప్రింటు వేయించి, బొట్టు వెనకాల అడుగు దూరంలో తలకిందులుగా నిలబెడతాను. గాల్లో ఉన్న బొట్టు కటకంలా పనిచేసి బొమ్మని తిరగేస్తుంది కాబట్టి లోపల కొండలు నిటారుగా కనిపిస్తాయి. నాలుగు మిల్లీమీటర్ల బొట్టులో ఏడు కొండలు. దీనికి వాల్వు అక్కర్లేదు, సెలైన్ సెట్టే చాలు. మా కస్టమర్లు డబ్బిచ్చి కొన్నది ఇప్పటిదాకా ఈ ఒక్క బొమ్మనే.

అక్క కొడుకు పోయిన ఆదివారం వచ్చాడు. కిట్టు కొనాలా, బోర్డు కట్టాలా అని బస్సులో వస్తూ కూడా లెక్కలేసుకున్నాడట. నేను అవేవీ ఎత్తకుండా చేతికి రిమోట్ ఇచ్చి, ఫ్యాన్ ఆపేసి కూర్చోబెట్టాను. సాయంత్రానికి 140 ఫొటోలు, నాలుగు పనికొచ్చాయి. అందులో ఒక కిరీటానికి ఒక పన్ను బాగా పక్కకి వాలింది. బాగున్నదాన్ని వదిలేసి దాన్నే ఫోనుకి వాల్‌పేపర్ పెట్టుకున్నాడు. హాస్టల్లో ఫ్రెండుకి పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి ఉందట, అదే అడిగి తీసుకుంటానన్నాడు. కొత్త కెమెరా మాట మళ్ళీ ఎత్తలేదు. పోయేటప్పుడు మాత్రం, ఆషాఢం కదా నీకు పనేముంది మామా అంటూ నా రెండో ఫ్లాష్ బ్యాగులో వేసుకుని పోయాడు.